గేటు లేని స్టేషన్లు



వీపున సంచి వేసుకుని కొత్త దేశంలో తిరిగేవాడికి ఆ దేశం మొదట కనిపించేది రైల్వే స్టేషన్లో, కిరాణా కొట్టులో, మరుగుదొడ్డి గుమ్మం ముందు. కోటలూ మ్యూజియాలూ ఆ తర్వాత. కారులో కూర్చోబెట్టి తిప్పేవాళ్లుంటే మాత్రం ఈ మూడూ కనబడవు. మా అమ్మాయి ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉద్యోగం చేస్తోంది. అల్లుడు కారు తీస్తానన్నాడు, సెలవు పెడతానన్నాడు. కొన్నాళ్లు వాళ్లింట్లో ఉండి, ఒక రోజు పొద్దున్నే రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, గోంగూర పచ్చడి సీసా సర్దుకుని నేనొక్కణ్నే బయల్దేరాను. "నాన్నా, ఒక్కటి గుర్తుపెట్టుకో. అక్కడ ఎవరూ నీ దగ్గరికొచ్చి ఏం కావాలని అడగరు. నువ్వే అడగాలి" అంది మా అమ్మాయి.

అడగందే అమ్మయినా పెట్టదని మనమూ అంటాం. అంటాం గానీ, మన రైళ్లలో ఎదురుసీటు వాళ్లు అడక్కుండానే పులిహోర పొట్లం విప్పి ముందుకు జరుపుతారు. ఏ ఊరు, ఏం చేస్తారు, పిల్లలెంతమంది అన్నవి ఆ వెనకే వస్తాయి. జర్మనీ రైల్లో పక్కన కూర్చున్నాయన రెండు గంటలు పుస్తకం చదువుకుని, దిగేటప్పుడు తల ఒకసారి ఊపి వెళ్లిపోతాడు. మొదట్లో ఇది కోపమేమో అనిపిస్తుంది. నాలుగైదు రైళ్లు ఎక్కాక తెలుస్తుంది, అది మన జోలికి రాకుండా ఉండడమనే మర్యాద అని. అడిగితే మాత్రం అదే మనిషి పుస్తకం మూసి, ఫోన్‌లో మన రైలు వెతికి, మెట్లు ఎక్కి ప్లాట్‌ఫారం దాకా వచ్చి చూపించి, మనం కృతజ్ఞత చెప్పేలోపే వెనక్కి తిరుగుతాడు.

కొలోన్ పెద్ద స్టేషన్లో దిగి జనంతోపాటు నడిస్తే, తలుపు దాటగానే పక్కనే చర్చి. మెడ బాగా వెనక్కి వంచితే గానీ దాని కొస కనబడదు. 1248లో పునాది వేసి, మధ్యలో కొన్ని వందల ఏళ్లు పని ఆపేసి, 1880లో పూర్తి చేశారు. ఎత్తు 157 మీటర్లు. గొప్ప కట్టడమే, కాదనను. నన్ను మాత్రం నిలబెట్టింది అంతకుముందు నడిచి వచ్చిన దారి. ప్లాట్‌ఫారం మీంచి వీధిలోకి వచ్చేదాకా ఎక్కడా గేటు లేదు. నల్లకోటు టీసీ లేడు. టోకెను వేస్తే తెరుచుకునే రెక్కలు లేవు. ఎవరైనా నేరుగా ప్లాట్‌ఫారం మీదకి వెళ్లి, చుట్టాన్ని రైలెక్కించి, చేతులూపుకుంటూ వెనక్కి రావచ్చు. పెద్ద ఊళ్లలో భూగర్భ రైళ్లకూ అంతే.

అలాగని టికెట్ లేకుండా తిరగొచ్చనుకునేరు. మన పక్కన జీన్స్ ప్యాంటు వేసుకుని నిలబడ్డ కుర్రాడే రైలు కదిలాక కార్డు తీసి చూపించి టికెట్ అడుగుతాడు. లేకపోతే 60 యూరోలు. కొత్తవాణ్ని, మిషన్ అర్థం కాలేదు, ఇప్పుడే దిగాను అన్న మాటలు చెల్లవు. కొన్ని ఊళ్లలో టికెట్ కొన్నాక చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ ఉన్నా లేనట్టే. వాళ్లు ముందు నమ్ముతారు, తర్వాత జరిమానా వేస్తారు. మనం ముందు అనుమానిస్తాం, తర్వాత పోనీలే పాపం అని వదిలేస్తాం. ఏ పద్ధతి మనిషిని బాగుచేస్తుందో పెద్దలు తేల్చాలి. సంచి మోసేవాడికి మాత్రం మొదటిదే సుఖం. ప్రతి గుమ్మం దగ్గరా సంచి దించి చీటీ చూపించనక్కర్లేదు.

ఆ సంచి మోసేవాడి కోసమే పుట్టిందా అనిపించే టికెట్ ఒకటుంది. 2022 వేసవిలో పెట్రోలు ధరలు మండిపోతుంటే, మూడు నెలలపాటు నెలకి 9 యూరోలకే దేశమంతా ఊరి బస్సులూ ట్రాములూ చిన్న రైళ్లూ ఎక్కొచ్చన్నారు. జనం ఎగబడ్డారు. దాని కొనసాగింపుగా 2023 మేలో 49 యూరోలతో డాయిచ్‌లాండ్ టికెట్ వచ్చింది. 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. వేగంగా వెళ్లే పెద్ద రైళ్లలో అది పనికిరాదు. మనవైపు ప్యాసింజర్ బండి లాంటి రీజినల్ రైళ్లలోనే వెళ్లాలి. నాలుగు గంటల దారి తొమ్మిది గంటలు పడుతుంది. పడనివ్వండి. ప్రతి చిన్న స్టేషన్లో బడిపిల్లలు ఎక్కుతారు, సైకిళ్లతో ముసలివాళ్లు ఎక్కుతారు, కుక్కలూ ఎక్కుతాయి. దేశం చూడడానికి వచ్చినవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఒక్క జాగ్రత్త: అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేసుకోకపోతే, మీరు రాజమండ్రి చేరాక కూడా మీ ఖాతాలో డబ్బు పోతూనే ఉంటుంది.

జర్మన్ రైలు వస్తే గడియారం సరిచేసుకోవచ్చని చిన్నప్పుడు విన్నాం కదా, ఆ మాట మరిచిపోండి. 2024లో వాళ్ల దూరప్రయాణపు రైళ్లలో వేళకి నడిచినవి నూటికి 62 కంటే కాస్త ఎక్కువ, అంతే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కవేయకుండా. ఈ సంగతి ఫోన్లో చెబితే మా తమ్ముడు సామర్లకోటలో కూర్చుని పకపకా నవ్వాడు. ఆలస్యమైతే ఎవరూ అరవరు. బోర్డు వంక చూసి ఒక నిట్టూర్పు విడిచి, మళ్లీ పుస్తకంలో తల దూరుస్తారు. ఇంకో చిక్కుంది. ఒకే రైలు దారిలో రెండుగా, మూడుగా విడిపోతుంది. మ్యూనిక్ నుంచి దక్షిణంగా కొండల వైపు వెళ్లే బండి హోల్జ్‌కిర్షెన్‌లో ఒకసారి, షాఫ్ట్‌లాఖ్‌లో ఇంకోసారి విడిపోయి, మూడు ముక్కలు మూడు ఊళ్లకు పోతాయి. రైలు సరైనదే, ఎక్కిన పెట్టె తప్పయితే చేరేది వేరే లోయ. పెట్టె మీద రాసిన ఊరి పేరు చూసుకుని ఎక్కాలి.

ఇక కిరాణా కొట్టు. ఆదివారం దేశం మూతబడుతుంది. మందుల షాపు ఊరికి ఒకటి వంతులవారీగా, రొట్టెల దుకాణం పొద్దున్న కాసేపు, పెద్ద స్టేషన్లలోని కొట్లు. అంతే. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో ఆదివారపు విశ్రాంతి గురించి ఒక నిబంధన ఉంది. 1949లో కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు దాన్ని తీసేయకుండా అలాగే ఉంచుకున్నారు. అందుకే శనివారం సాయంత్రం కొట్లలో పండగ ముందురోజు రద్దీ. బిల్లు కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ చేతివేగం చూసి తీరాలి. మనం పాల డబ్బా సంచిలో పెట్టేలోపు ఆవిడ టమాటాలు, రొట్టె, సబ్బు అన్నీ అవతలికి నెట్టేసి, మొత్తం చెప్పి, చేయి చాచి ఉంటుంది. కవరు ఇవ్వరు. వెనకాల ఉన్నవాళ్లు ఏమీ అనరు గానీ, వాళ్ల మౌనం మన వీపుకు తగులుతుంది. అక్కడివాళ్లు సరుకంతా బండిలోకి తోసేసుకుని, పక్కనున్న బల్ల మీద తీరిగ్గా సర్దుకుంటారు. అది చూసి నేర్చుకున్నదే, ఎవరూ చెప్పరు. నోట్లు జేబులో ఉంచుకోండి. ఇంత పెద్ద దేశంలో ఇప్పటికీ చిన్న హోటళ్లలో, రొట్టెల కొట్లలో "కార్డు తీసుకోం" అని బోర్డు కనిపిస్తుంది. యూపీఐకి అలవాటుపడ్డ మన చేతికి ఇది వింత.

కొట్టు మూలలో ఒక మిషన్ ఉంటుంది. గుండ్రటి నోరు. తాగేసిన నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ డబ్బా అందులో పెడితే గిర్రున తిప్పి మింగి, చీటీ ఇస్తుంది. ఒక్కోదానికి 25 సెంట్లు. కొన్నప్పుడు మన దగ్గర అదనంగా తీసుకున్న సొమ్మే అది. 2003లో మొదలైన పద్ధతి. బీరు గాజుసీసాకి 8 సెంట్లు. అందువల్ల వీధిలో సీసా పడి ఉండదు. పడి ఉంటే ఏరుకునేవాళ్లున్నారు. కొలోన్‌లో రైన్ నది ఒడ్డున చీకటి పడ్డాక ఒకావిడను చూశాను. డెబ్భై దాటి ఉంటుంది. ఇస్త్రీ చేసిన కోటు, మెడకు రుమాలు, చేతిలో చిన్న టార్చి. చెత్తడబ్బాలోకి టార్చి వేసి చూసి, చేతికి తొడుగు వేసుకుని, ఒక సీసా తీసి, మూత బిగించి, చక్రాల సంచిలో పెట్టుకుని ముందుకు సాగింది. ఎవరి వంకా చూడలేదు. అక్కడ కుర్రాళ్లు తాగేసిన సీసాను డబ్బాలో వేయరు, డబ్బా పక్కన కింద నిలబెట్టి వెళ్తారు, ఏరుకునేవాళ్లు చేయి లోపల పెట్టనక్కర్లేకుండా. దానం చేసినట్టూ ఉండదు, తీసుకున్నట్టూ ఉండదు. ఐరోపాలోకెల్లా పెద్ద ఆర్థిక వ్యవస్థలో డెబ్భై ఏళ్లావిడ రాత్రిపూట సీసాలు ఏరుకోవడమేమిటన్న ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

మరుగుదొడ్డి గురించి ఒక్క ముక్క. పెద్ద స్టేషన్లలో యూరో బిళ్ల వేస్తేనే లోపలికి. అంటే మన డబ్బుల్లో ఒక ప్లేటు ఇడ్లీ. టికెట్‌కి లేని గేటు దీనికుంది, గమనించారా?

ఇప్పుడు నేను ఇంతదూరం ఎందుకు పోయానో చెప్పాలి. నేను బడిపంతుల్ని, సోషల్ చెప్పేవాణ్ని. కొలోన్‌కి తూర్పున, సావర్‌లాండ్ కొండల్లో, లెన్నె నది ఒడ్డున ఆల్టెనా అనే చిన్న ఊరుంది. ఇనుప తీగ తీసే పనికి ఒకప్పుడు పేరుపడ్డ ఊరు. ఇప్పుడు సగం దుకాణాలు మూసి ఉన్నాయి. పర్యాటకుల గైడ్లలో దానికి రెండు వాక్యాలుంటే ఎక్కువ. కానీ ప్రపంచంలో ఏ మూల యూత్ హాస్టల్లో ఎవరు పడుకున్నా, ఆ మంచం మూలం ఈ ఊళ్లో ఉంది. హాగెన్‌లో బండి మారి అక్కడ దిగాను.

రిఖార్డ్ షిర్మన్ అని ఒక పంతులు ఇక్కడ పనిచేసేవాడు. పిల్లల్ని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం ఆయనకు నచ్చేది కాదు. కార్ఖానాల పొగలో పెరిగే పిల్లలకు అడవి చూపించాలని నడిపించుకుంటూ తీసుకుపోయేవాడు. 1909 ఆగస్టు 26న, ఇలాగే పిల్లలతో ఆల్టెనా నుంచి ఆఖెన్ వైపు నడుస్తుండగా, బ్రోల్ లోయలో ఉరుములూ మెరుపులతో పెద్ద వాన పట్టుకుంది. ఒక పల్లెబడిలో తలదాచుకున్నారు. నేల మీద గడ్డి పరుచుకుని పిల్లలు పడుకున్నారు. పంతులికి నిద్ర పట్టలేదు. ఆ రాత్రి ఆయనకు తట్టిన ఆలోచన చాలా చిన్నది: సెలవుల్లో ప్రతి ఊళ్లోనూ బడి ఖాళీగానే ఉంటుంది కదా! ఒకరోజు నడకదూరానికి ఒక బడి చొప్పున, బల్లలు పక్కకి జరిపి పడక వేస్తే, నడిచే పిల్లలు దేశమంతా తిరగొచ్చు కదా! మరుసటి ఏడు ఆ సంగతే పత్రికలో వ్యాసంగా రాశాడు. ముందు తన బళ్లోనే ఒక గది ఖాళీ చేసి గడ్డి పరుపులు వేశాడు. ఆ తర్వాత ఊరి మీదున్న పాతకోటలో శాశ్వతమైన యూత్ హాస్టల్ తెరుచుకుంది.

1909 అనగానే కోనసీమవాడిగా నాకు ఇంకోటి గుర్తొచ్చింది. అదే ఏడు ఏప్రిల్‌లో మా లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు పోయారు. గోదావరి దాటి వచ్చే బాటసారికి వేళ కాని వేళ అన్నం పెట్టిన తల్లి. ఆమె తలుపు తడితే చాలు, కులం అడగలేదు, పొద్దు చూడలేదు. ఆమె పెట్టింది తన చేత్తో, తన పొలంలో పండింది. షిర్మన్ ఎవరికీ చేత్తో వండిపెట్టలేదు. ఆయన చేసింది ఒక ఏర్పాటు: ఇన్ని మంచాలు, ఇంత అద్దె, ఇన్ని నియమాలు, ఎవరొచ్చినా ఒకటే. సీతమ్మగారి లాంటి మనసు కోటికొకరికి ఉంటుంది. ఏర్పాటుకి అంత మనసు అక్కర్లేదు, మామూలు మనుషులు చాలు. ఇవాళ జర్మనీలో అలాంటి హాస్టళ్లు సుమారు 400 ఉన్నాయి.

కోటకి ఇప్పుడు ఊళ్లోంచే కొండ లోపల సొరంగం తవ్వి, 2014లో లిఫ్టు పెట్టారు. నేను నడిచే ఎక్కాను. పాత పడకగది మ్యూజియంగా ఉంచారు. మూడంతస్తుల బరువైన చెక్కమంచాలు, మొద్దుల్లాంటి కాళ్లు, పై అంతస్తులో పిల్లవాడు లేస్తే దూలానికి తల తగులుతుందేమో అనిపించే ఎత్తు. అదే కోట కింది ఆవరణలో నేటి హాస్టల్ ఉంది. దుప్పటి, దిండుగలీబు, పరుపు మీద పరిచే గుడ్డ మడతపెట్టి చేతికిస్తారు. మంచం మనమే వేసుకోవాలి, వెళ్లేటప్పుడు అన్నీ తీసి గంపలో వేయాలి. అద్దెలోనే పొద్దుటి ఫలహారం: నాలుగైదు రకాల రొట్టె, వెన్న, జున్ను, పాలు, ఉడికించిన గుడ్డు. మాంసం ముట్టనివాడికీ ఇబ్బంది లేదు. గింజల రొట్టె మీద వెన్న, ఆ పైన గోంగూర. ఎదురు బల్ల మీద కూర్చున్న పిల్లవాడు ఆ పచ్చరంగు చూసి అడిగి మరీ రుచి చూశాడు, తర్వాత రెండు గ్లాసుల నీళ్లు తాగాడు.

రాత్రి పదింటికి నిశ్శబ్దం. ఇది హాస్టల్ నియమమే కాదు, చాలా ఊళ్లలో పద్ధతి. ఆరు మంచాల గదిలో అందరికంటే పెద్ద నేరస్తుడు ఎవరంటే, తెల్లవారుజామున ప్లాస్టిక్ కవర్లు గరగరలాడిస్తూ సంచి సర్దుకునేవాడు. మనకి చీరెల షాపు కవర్లు, పచారీ కవర్లు సంచి నిండా ఉంటాయి. గుడ్డ సంచులు తీసుకెళ్లండి, లేదా ముందురోజు సాయంత్రమే సర్దుకోండి.

మర్నాడు అడవిలో నడిచాను. ఆ దేశంలో అడవి ఎవరిదైనా సరే, సరదాగా నడవడానికి ఎవరైనా వెళ్లొచ్చు, చట్టమే ఆ హక్కు ఇచ్చింది. గుడారం వేయడం, నిప్పు పెట్టడం మాత్రం కూడదు. సావర్‌లాండ్ దారుల్లో చెట్ల మీద తెల్ల రంగుతో ఇంటూ గుర్తు ఉంటుంది. 1891లో పెట్టిన అక్కడి కొండనడక సంఘంవాళ్లే దారులు చూసుకుంటారు, జీతానికి కాదు, ఇష్టంతో. రెండు దారులు కలిసేచోట తలెత్తితే చాలు, గుర్తు కంటి ఎత్తులోనే ఉంటుంది. ఊళ్లో మొహం తిప్పుకుని పోయే మనిషే ఈ అడవి దారిలో ఎదురైతే నవ్వి పలకరిస్తాడు. ఎందుకలా అని మా అమ్మాయిని తర్వాత అడిగితే, "ఊళ్లో అందర్నీ పలకరిస్తే పని జరుగుతుందా నాన్నా" అంది. అదీ నిజమే.

షిర్మన్ హాస్టళ్ల ఏర్పాటుని మెచ్చుకుంటూ పోతే కథ సగమే చెప్పినట్టు. 1933లో హిట్లర్ వచ్చాడు. ఆ హాస్టళ్లన్నీ హిట్లర్ యువజన దళం చేతికి పోయాయి. అవే మంచాలు, అవే నియమాలు, అదే పదింటి నిశ్శబ్దం. పిల్లలకు నేర్పింది వేరు. అన్ని దేశాల హాస్టళ్లు కలిసి 1932లో పెట్టుకున్న సమాఖ్యకు షిర్మన్ అధ్యక్షుడు. 1936లో ఆయన్ని ఆ పదవి నుంచీ తప్పించారు. యుద్ధం ముగిశాక మళ్లీ పాత పనిలోకి వచ్చి, 1961లో పోయాడు. ఏర్పాటు ఎంత బాగున్నా అది పనిముట్టే, ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి. జర్మనీ వీధుల్లో తలవంచి నడిస్తే ఇది కనిపిస్తుంది. ఇళ్ల ముందు, కాలిబాట రాళ్ల మధ్య, అరచేయంత ఇత్తడి పలకలు. ఒక్కోదాని మీద ఒక పేరు, పుట్టిన ఏడు, హిట్లర్ మనుషులు ఎక్కడికి పంపించి చంపారో ఆ ఊరు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్‌లో మొదలుపెట్టాడు. 2023 నాటికి ఐరోపా అంతా కలిపి అవి లక్ష దాటాయి. ఏ గైడూ చూపించక్కర్లేదు. సంచి బరువుకి తల ఎలాగూ వంగే ఉంటుంది, కళ్లు వాటి మీదే పడతాయి.

ఆల్టెనా నుంచి హామ్ అనే ఊరు దగ్గరే. అక్కడి పరిశ్రమల వాడలో, గోదాముల మధ్య, ఉన్నట్టుండి దక్షిణాది గోపురం. శ్రీలంక యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన తమిళులు కట్టుకున్న కామాక్షి అమ్మవారి గుడి. 2002లో కుంభాభిషేకం జరిగింది. ఏటా వేసవి మొదట్లో రథోత్సవం చేస్తారు. తీర్థానికి అక్కడ నది బదులు ఓడలు తిరిగే కాలవ. చెప్పులు విడిచే చోట వరసలు చూడగానే, పరాయి దేశంలో ఉన్నానన్న సంగతి కాసేపు మరిచాను. ఆ చెప్పులు మాత్రం మన గుడుల ముందులా లేవు, జతకు జత గోడవారగా సర్ది ఉన్నాయి.

అక్కడినుంచి బెర్లిన్‌కి రీజినల్ రైళ్లలో రోజంతా. హనోవర్, బ్రౌన్‌ష్వైగ్, మాగ్డెబుర్గ్, ఒక్కోచోట బండి మారాలి. మాగ్డెబుర్గ్ ప్లాట్‌ఫారం మీద వెనకనుంచి తెలుగు వినబడింది. "ఒరేయ్, ఆ బ్యాగు చూడు, అంకుల్ మనోళ్లే." ముగ్గురు కుర్రాళ్లు, అక్కడి యూనివర్సిటీలో ఎమ్మెస్. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనవాళ్లదే మొదటి స్థానం, 2023-24లో 49,000 పైనే. "ఈ వయసులో ఒక్కరే తిరుగుతున్నారా అంకుల్?" అని ఆశ్చర్యపోయారు. చదువు తక్కువ ఫీజుకే దొరుకుతుందని వచ్చారు, గది దొరకడం కష్టంగా ఉంది, జర్మన్ భాష రాకపోతే పని దొరకడం ఇంకా కష్టం. "మొదటి ఆరునెలలు ఎవరూ పలకరించలేదని ఏడుపొచ్చేది అంకుల్. ఇప్పుడు ఇండియా వెళ్తే అందరూ అన్నీ అడుగుతున్నారని విసుగొస్తోంది" అన్నాడు వాళ్లలో ఒకడు. మిగతా ఇద్దరూ నవ్వారు గానీ, కాదనలేదు.

బెర్లిన్‌లో చూడాల్సినవి అందరూ చెబుతారు, నేను చెప్పను. సోషల్ మాస్టారిగా నేను వెతుక్కున్నది హైదరాబాద్ జాడ. తర్వాత మన రాష్ట్రపతి అయిన జాకిర్ హుస్సేన్ హైదరాబాద్‌లో పుట్టినవారే. 1926లో బెర్లిన్‌లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. చదువుకుంటూనే గాలిబ్ కవితల సంపుటిని అక్కడి ప్రెస్సులో ముచ్చటగా అచ్చు వేయించారు. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ 1914 నుంచి ఇక్కడే స్వాతంత్ర్యం కోసం కమిటీలు నడిపి, చివరికి రష్యా వెళ్లి, స్టాలిన్ కాలంలో 1937లో చంపబడ్డాడు. ఇంజనీరింగ్ చదవడానికి వచ్చిన హైదరాబాద్ కుర్రాడు ఆబిద్ హసన్ చదువు వదిలేసి నేతాజీ వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవులో జలాంతర్గామి ఎక్కి ఆయనతోపాటు తూర్పుకి వెళ్లింది అతనే. వీళ్లకి డాయిచ్‌లాండ్ టికెట్ లేదు, ఫోన్‌లో మ్యాపు లేదు. జాకిర్ హుస్సేన్ చదివిన యూనివర్సిటీ ఎదుట బేబెల్‌ప్లాట్జ్ అనే చౌకులో 1933 మే 10న విద్యార్థులే పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టారు. ఇప్పుడక్కడ నేలలో ఒక గాజుపలక ఉంది. వంగి చూస్తే కింద తెల్లటి గది, చుట్టూ ఖాళీ అలమరలు, ఒక్క పుస్తకం లేదు. షిర్మన్ హాస్టళ్లు చేయి మారింది కూడా ఆ ఏడే.

మీలో ఎవరైనా సంచి వేసుకుని వెళ్లాలనుకుంటే, మన యూత్ హాస్టల్స్ అసోసియేషన్ సభ్యత్వం ఇక్కడే తీసుకోండి. ఆ కార్డు అక్కడ చెల్లుతుంది, లేకపోతే రాత్రికింత అదనంగా కట్టాలి. వీసాకి 30,000 యూరోల బీమా తప్పనిసరి. గదిలో సామాను పెట్టెకి తాళం మీదే ఉండాలి.

వెళ్లలేని మాస్టార్లకి ఒక మాట. మన దగ్గర మండలానికి ఎన్ని బడులు! సెలవులొస్తే అన్నింటికీ తాళం. వేసవి ఎండల్లో పిల్లల్ని నడిపించమనను, సంక్రాంతి సెలవులు చాలు. అరకు దగ్గర, పాపికొండల దగ్గర, నల్లమల అంచున ఊరికో బడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి 2024 నుంచి డొక్కా సీతమ్మగారి పేరే పెట్టారు. బడి ఉంది, వంటగది ఉంది, ఆమె పేరూ ఉంది. కావలసింది చాపలూ దుప్పట్లూ, ఒక హెడ్మాస్టరు ఒప్పుకోలు. వచ్చే సంక్రాంతికి మీ బడి తాళం ఒక్క మూడు రోజులు పక్క జిల్లా మాస్టారికీ ఆయన పిల్లలకీ ఇప్పించండి. ఎంఈఓ గారిని అడగండి. అడగందే ఎవరూ ఇవ్వరు.